కార్డు కొనే ముందు క్యాబినెట్ మూత తియ్యండి

"అన్నా, ఇంట్లో పాత డెస్క్‌టాప్ ఉంది. గ్రాఫిక్స్ కార్డు ఒకటి వేయిస్తే ఏఐ కోర్సు చేసుకోవచ్చా? ఏ కార్డు తీసుకోమంటావ్?"

టెక్నాలజీ మీద బ్లాగు రాయడం మొదలుపెట్టాక నాకు ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇదే. టెక్కలి నుంచి, రాజాం నుంచి, ఎచ్చెర్ల నుంచి, చీపురుపల్లి నుంచి.. ఊరు మారుతుంది గానీ ప్రశ్న మారదు. అడిగేవాళ్లలో చాలామంది ఫైనలియర్ వాళ్లే. ప్లేస్‌మెంట్స్ దగ్గరపడ్డాయి. పక్క బెంచీవాడు ఈఎంఐలో గేమింగ్ లాప్‌టాప్ కొనేశాడు. రెజ్యూమెలో 'మెషీన్ లెర్నింగ్' అన్న మాట లేకపోతే ఎవరూ చూడరని సీనియర్ ఎవరో చెప్పాడు. ఇంట్లో అడిగితే నాన్న ఎక్కడో ఒకచోట సర్దుతాడు. ఇంకేం, కార్డు పేరు ఒక్కటి తెలిస్తే చాలు!

నేను మాత్రం కార్డు పేరు చెప్పను. "నీ ఎస్‌ఎంపీఎస్ మీదున్న స్టిక్కర్ ఫొటో తీసి పంపు" అంటాను. కొందరు పంపుతారు. కొందరికి కోపం వచ్చి మళ్లీ మెసేజ్ పెట్టరు. కోపం వచ్చినవాళ్ల కోసమే ఇది రాస్తున్నాను. ఆ స్టిక్కర్ చూడకుండా కార్డు కొన్నవాణ్ణి నేను. ఆ ముచ్చట ముందు వినండి.

నా పద్నాలుగు వేల పాఠం

మాది ఉద్దానం. నాన్నకు జీడితోట, కొన్ని కొబ్బరిచెట్లు. నేను విజయనగరం దగ్గర ఒక కాలేజీలో బీటెక్ చదివాను. 2018 వేసవి నాటికి మూడో ఏడాది అయిపోయింది. ఫైనలియర్ ప్రాజెక్టుగా జీడాకుల ఫొటో చూసి తెగులును గుర్తుపట్టే ప్రోగ్రామ్ చేద్దామనుకున్నాను. డీప్ లెర్నింగ్‌కి గ్రాఫిక్స్ కార్డు కావాలని అన్ని చోట్లా రాసి ఉంది. నా దగ్గరున్నది చిన్నాన్న కొడుకు చదువైపోయాక మాకిచ్చిన డెస్క్‌టాప్. నాలుగో తరం ఐ3 ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్.

"ఎంతౌతాదిరా?" అన్నాడు నాన్న.

"పద్నాలుగు వేలు నాన్నా."

"అదెడితే ఉద్యోగమొస్తాదేటి?"

"వస్తాది నాన్నా" అన్నాను. నిజంగా వస్తుందనే అనుకున్నాను.

ఆ ఏడాది జీడిపిక్కలు అమ్మిన డబ్బుల్లోంచి తీసి ఇచ్చాడు. విశాఖ వెళ్లి సెకండ్‌హ్యాండ్‌లో జీటీఎక్స్ 1060, 3 జీబీ కార్డు తెచ్చాను. బస్సులో ఒళ్లో పెట్టుకుని మరీ తెచ్చాను. ఇంటికొచ్చి మూత తీస్తే తెలిసింది, ఆ కార్డుకి ఆరు పిన్నుల కరెంటు ప్లగ్గు కావాలి, నా ఎస్‌ఎంపీఎస్‌కి అది లేదు. పాత హార్డ్‌డిస్కులకు వాడే నాలుగు పిన్నుల ప్లగ్గులు రెండింటిని కలిపి ఆరు పిన్నులుగా మార్చే వైరు ఒకటి దొరికింది. పెట్టేశాను. రెండు రోజులు బ్రహ్మాండంగా నడిచింది. మూడో రోజు రాత్రి మోడల్ ట్రైనింగ్‌లో ఉండగా టప్పుమంది. గదంతా కాలిన వాసన. ఎస్‌ఎంపీఎస్ పోయింది. పోతూపోతూ మదర్‌బోర్డును కూడా తీసుకుపోయింది.

పొద్దున్న తీరిగ్గా కూర్చుని స్టిక్కర్ చదివాను. పైన పెద్ద అక్షరాల్లో 450 వాట్లు అని ఉంది. కింద చిన్న అక్షరాల్లో 12 వోల్టుల లైను 14 ఆంపియర్లు అని ఉంది. గ్రాఫిక్స్ కార్డు, ప్రాసెసర్ రెండూ తాగేది ఆ 12 వోల్టుల లైను నుంచే. 12 ఇంటూ 14 అంటే 168 వాట్లు. నా కార్డు ఫుల్‌లోడ్‌లో 120 వాట్లు తీసుకుంటుంది. ప్రాసెసర్ 54 వాట్లు. ఆ రెండిటికే 174. ఇంకా హార్డ్‌డిస్కు ఉంది, ఫ్యాన్లు ఉన్నాయి. ఇంటర్మీడియట్‌లో చదువుకున్న లెక్క! పవర్ అంటే వోల్టేజీని కరెంటుతో గుణించడమే. మూడేళ్లు ఇంజినీరింగ్ చదివి కూడా కొనేముందు ఆ ఒక్క గుణకారం చేసుకోలేదు.

ఇంట్లో చెప్పలేదు. నాలుగు నెలలు నోరు మూసుకుని ఉన్నాను. అక్టోబరు 11న తిత్లీ తుపాను వచ్చింది. పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో జీడి, కొబ్బరి తోటలు ఎలా పడిపోయాయో మీలో చాలామంది ఇళ్లలో ఇప్పటికీ చెప్పుకుంటారు. కరెంటు లేని రోజులవి. సెలవు పెట్టి ఇంటికి వెళ్తే నాన్న పడిపోయిన చెట్ల మధ్య నిలబడి ఉన్నాడు. నన్ను చూసి ఆయన అడిగిన మొదటి మాట: "ఆ కంప్యూటరు పన్జేస్తందా?"

"చేస్తంది నాన్నా" అన్నాను.

గ్రాఫిక్స్ కార్డు గురించి నేను ఇంత వివరంగా ఎందుకు మాట్లాడతానో ఇప్పుడు అర్థమైంది కదా. మీరు ఆ అబద్ధం ఆడే పరిస్థితి రాకుండా ఉండాలంటే కొనేముందు నాలుగు లెక్కలు చేసుకోవాలి.

మొదటి లెక్క: మీకు కావాల్సిన ఉద్యోగానికి అది అవసరమా?

ముందు ఒక విషయం సూటిగా చెప్పుకుందాం. మన కాలేజీలకు వచ్చి ఎక్కువమందిని తీసుకునే సాఫ్ట్‌వేర్ సర్వీసెస్ కంపెనీల ఉద్యోగాలకు గ్రాఫిక్స్ కార్డు అక్కర్లేదు. జావా, పైథాన్, ఎస్‌క్యూఎల్, వెబ్ డెవలప్‌మెంట్, టెస్టింగ్.. వీటిలో దేనికీ అవసరం లేదు. ఆప్టిట్యూడ్ పరీక్షకు అసలే అక్కర్లేదు. ఆన్‌లైన్ టెస్టుకి కావాల్సింది పనిచేసే వెబ్‌క్యామ్, మధ్యలో తెగని ఇంటర్నెట్, కరెంటు పోతే ఆదుకునే యూపీఎస్. మన దగ్గర యూపీఎస్ లేక టెస్టు పోగొట్టుకునే అవకాశం, గ్రాఫిక్స్ కార్డు లేక పోగొట్టుకునే అవకాశం కన్నా చాలా ఎక్కువ!

మరి ఎవరికి కావాలి? బ్లెండర్‌లో త్రీడీ పని నేర్చుకునేవాళ్లకు, అన్‌రియల్ ఇంజిన్‌లో గేములు తయారుచేద్దామనుకునేవాళ్లకు, వీడియో ఎడిటింగ్‌తో సంపాదిద్దామనుకునేవాళ్లకు కావాలి. ఇవి కార్డు లేకుండా నేర్చుకోవడం కష్టం. సివిల్, మెకానికల్ వాళ్లు ఆటోక్యాడ్‌లో టూడీ డ్రాయింగులు గీయడానికి అక్కర్లేదు. పెద్ద త్రీడీ మోడళ్లు తిప్పి చూసేటప్పుడు కార్డు సాయపడుతుంది గానీ, అక్కడ కూడా ప్రాసెసర్, ర్యామ్ ముందు సరిపోవాలి.

ఏఐ నేర్చుకునేవాళ్ల సంగతి కొంచెం వేరు. మొదటి ఆరు నెలలు మీకు కార్డు అవసరం రాదు. పైథాన్, నంపై, పాండాస్, స్టాటిస్టిక్స్, చిన్న మోడళ్లు అన్నీ ప్రాసెసర్ మీదే నడుస్తాయి. తర్వాత న్యూరల్ నెట్‌వర్కులకు వచ్చాక గూగుల్ కొలాబ్ ఉంది. 16 జీబీ మెమరీ ఉన్న టీ4 కార్డును ఉచితంగా వాడుకోవచ్చు. అడిగిన ప్రతిసారీ దొరుకుతుందన్న గ్యారంటీ లేదు, ఎక్కువసేపు వదిలేస్తే సెషన్ తెగిపోతుంది. కాగల్‌లో ఫోన్ నంబరు వెరిఫై చేసుకుంటే వారానికి సుమారు 30 గంటలు ఇస్తారు. నా జీడాకుల ప్రాజెక్టు చివరికి పూర్తయింది కూడా అలాగే. 2019 ఫిబ్రవరిలో కాలేజీ ల్యాబులో కూర్చుని, కొలాబ్ ఉచితంగా ఇచ్చిన కార్డు మీద. పద్నాలుగు వేల కార్డు ఇంట్లో అట్టపెట్టెలోనే ఉంది.

రెండో లెక్క: అసలు అడ్డు ఎక్కడ పడుతోంది?

"నా సిస్టమ్ బాగా స్లో అన్నా, అందుకే కార్డు వేద్దామనుకుంటున్నా" అంటారు చాలామంది. స్లోగా ఉండటానికీ, గ్రాఫిక్స్ కార్డు లేకపోవడానికీ సంబంధం ఉండాలనేం లేదు. ఇదొక్కటి చేసి చూడండి. మీరు రోజూ చేసే పని మొదలుపెట్టండి. సిస్టమ్ మొరాయించగానే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో పెర్ఫార్మెన్స్ చూడండి. డిస్క్ వంద శాతం దగ్గర కూర్చుందా? మీకు కావాల్సింది ఎస్‌ఎస్‌డీ. మెమరీ 90 దాటిపోయిందా? ర్యామ్ వేయించాలి. ప్రాసెసర్ వందలో ఉంటే ఏ గ్రాఫిక్స్ కార్డు పెట్టినా అది ప్రాసెసర్ ఇచ్చే పనికోసం ఎదురుచూస్తూ కూర్చుంటుంది. ఈ మూడూ ఖాళీగా ఉండి జీపీయూ గ్రాఫ్ ఒక్కటే పైకి పోయి ఆగిపోతే, అప్పుడు మాత్రమే కార్డు గురించి ఆలోచించాలి.

నేను చూసిన పాత డెస్క్‌టాప్‌లలో ఎక్కువ వాటికి జబ్బు హార్డ్‌డిస్కులోనే ఉంది. పదేళ్ల నాటి మెషీన్‌లో మామూలు సాటా ఎస్‌ఎస్‌డీ పెట్టి విండోస్ అందులోకి మారిస్తే, అది అదే కంప్యూటరని ఇంట్లోవాళ్లు నమ్మరు.

ఇంకో సంగతి. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఇంటెల్‌లో విండోస్ 11కి అధికారికంగా ఎనిమిదో తరం, ఆపై ప్రాసెసర్లు కావాలి. మీది అంతకన్నా పాతదైతే కార్డు మీద పెద్ద మొత్తం పెట్టేముందు ఇది ఆలోచించుకోండి. లినక్స్ వేసుకుంటే ఆ మెషీన్ ఇంకొన్నేళ్లు హాయిగా పనికొస్తుంది. పైగా లినక్స్ వచ్చని ఇంటర్వ్యూలో చెప్పుకోవచ్చు. ఖర్చు లేని అప్‌గ్రేడ్ అంటే అదే.

మూడో లెక్క: కరెంటు

నన్ను ముంచిన లెక్క కాబట్టి నిదానంగా చెబుతాను. మదర్‌బోర్డు మీదున్న పీసీఐఈ స్లాటు నుంచి కార్డుకి గరిష్ఠంగా 75 వాట్లు అందుతాయి. ఆరు పిన్నుల ప్లగ్గు ఇంకో 75, ఎనిమిది పిన్నులది 150 వాట్లు ఇస్తాయి. కాబట్టి పాత మెషీన్‌కి ఎంచుకోవాల్సింది స్లాటు కరెంటుతోనే నడిచే కార్డు. జీటీఎక్స్ 1650లో చాలా మోడళ్లు అలాంటివే, 75 వాట్లు. 2024లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 3050, 6 జీబీ రకం 70 వాట్లు.

ఇక్కడ పేర్లతో జాగ్రత్త! ఆర్‌టీఎక్స్ 3050లోనే 8 జీబీది 130 వాట్లు, దానికి విడిగా ప్లగ్గు కావాలి. పేరొకటే, లోపలి సరుకు వేరు. నేను కొన్న జీటీఎక్స్ 1060 కూడా అంతే. 3 జీబీ, 6 జీబీ రకాల మధ్య తేడా మెమరీ ఒక్కటే కాదు, 3 జీబీ దాంట్లో కోర్లు కూడా తక్కువ. అట్టపెట్టె మీద పేరు చూసి ఆగిపోకండి, పూర్తి మోడల్ నంబరు చదవండి.

స్టిక్కర్ మీద 12 వోల్టుల లైను పక్కన ఎన్ని ఆంపియర్లు ఉన్నాయో చూసి పన్నెండుతో గుణించండి. వచ్చిన దాంట్లో మూడొంతుల్లో రెండొంతులకు మించి వాడుకోవద్దన్నది నేను నాకు పెట్టుకున్న నియమం. బేరమాడి కొన్న క్యాబినెట్‌తో పాటు వచ్చిన ఎస్‌ఎంపీఎస్ అయితే దాన్ని మార్చే ఖర్చు కూడా కార్డు ధరలో కలిపే లెక్క వేసుకోండి. ప్లగ్గులు మార్చే వైర్ల జోలికి పోవద్దు. ప్లగ్గు లేదంటే ఆ ఎస్‌ఎంపీఎస్ తయారుచేసినవాడే 'నా వల్ల కాదు' అని చెబుతున్నట్టు!

మన తీరప్రాంతంలో ఇంకో రెండు శత్రువులున్నాయి. ఒకటి వోల్టేజీ. గాలివాన తర్వాత కరెంటు తిరిగి వచ్చే క్షణంలో ప్లగ్గు పీకి ఉంచడం మంచిది. ఎర్తింగ్ సరిగా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో ఒకసారి చూపించండి. రెండోది ఉప్పుగాలి, తేమ. సముద్రానికి దగ్గరగా ఉన్న ఇళ్లలో స్లాట్ల కాంటాక్టులు తుప్పు పడతాయి. కార్డు 'చచ్చిపోయింది' అనుకున్నప్పుడు తీసి, అంచును రబ్బరుతో మెల్లగా తుడిచి మళ్లీ పెడితే లేచి కూర్చున్న సందర్భాలు నాకు తెలుసు.

నాలుగో లెక్క: పడుతుందా? కలుస్తుందా?

కార్డు పొడవు కొలవండి, క్యాబినెట్‌లో చోటు కొలవండి. స్కేలు చాలు. ఆఫీసుల నుంచి సెకండ్‌హ్యాండ్‌లో వచ్చే సన్నటి బ్రాండెడ్ డెస్క్‌టాప్‌లలో పొట్టి కార్డులు మాత్రమే పడతాయి. వాటిలో చాలావాటి ఎస్‌ఎంపీఎస్ కూడా ప్రత్యేకమైన సైజు, బయట దొరికేది పట్టదు.

స్లాటు ఏ తరానిదో చూడండి. పీసీఐఈలో కొత్త కార్డు పాత స్లాటులో పనిచేస్తుంది, కానీ పాత స్లాటు వేగంతోనే. ఏఎండీ ఆర్‌ఎక్స్ 6400 లాంటి కార్డులు నాలుగు లేన్లు మాత్రమే వాడతాయి. కొత్త బోర్డులో ఇబ్బంది లేదు. నాలుగో తరం ఇంటెల్‌తో వచ్చిన హెచ్81 బోర్డుల్లో ఉన్నది పీసీఐఈ 2.0. అందులో పెడితే పెద్ద ట్యాంకుకి సన్న పైపు బిగించినట్టే. మరీ పాత బోర్డుల్లో బయోస్ కొత్త కార్డును గుర్తించకపోవచ్చు కూడా.

మానిటర్ సంగతి చాలామంది మర్చిపోతారు. మన ఇళ్లలో నీలిరంగు వీజీఏ ప్లగ్గున్న మానిటర్లు ఇంకా ఉన్నాయి. ఇప్పటి కార్డులకు ఆ పోర్టు ఉండదు. హెచ్‌డీఎంఐ నుంచి వీజీఏకి మార్చే కన్వర్టర్ కొనాలి. ఇంకో మాట, నవ్వకండి. కార్డు పెట్టాక మానిటర్ కేబుల్‌ను కార్డుకే గుచ్చాలి. మదర్‌బోర్డుకి గుచ్చి 'కార్డు పనిచేయట్లేదు' అని షాపువాడితో గొడవపడ్డవాళ్లు ఒకరిద్దరు కాదు.

సెకండ్‌హ్యాండ్ అయితే..

సెకండ్‌హ్యాండ్ తప్పు కాదు. మన జేబులకు చాలాసార్లు అదే దారి. కాకపోతే రెండు విషయాలు తెలిసుండాలి. ఒకటి, క్రిప్టో మైనింగ్. 2022 సెప్టెంబరులో ఎథీరియం తన పద్ధతి మార్చుకున్నాక, గ్రాఫిక్స్ కార్డులతో దాన్ని తవ్వడం ఆగిపోయింది. అప్పటిదాకా రాత్రీపగలూ తిరిగిన కార్డులు మార్కెట్లోకి వచ్చాయి. అవన్నీ పాడైనవని కాదు. కానీ అరగంటైనా ఫుల్‌లోడ్‌లో నడిపించి, వేడి ఎంత పెరుగుతోందో, ఫ్యాన్లు శబ్దం చేస్తున్నాయో లేదో చూడకుండా డబ్బు చేతిలో పెట్టొద్దు. పాత చిప్ మీద కొత్త పేరు రాసి అమ్మే నకిలీలు కూడా ఉన్నాయి. జీపీయూ-జెడ్ అనే ఉచిత ప్రోగ్రామ్ పెన్‌డ్రైవ్‌లో వేసుకుని వెళ్లండి, అది అసలు చిప్ ఏదో చెప్పేస్తుంది.

రెండోది, వయసు. ఎన్విడియా జీటీఎక్స్ 10 సిరీస్, అంతకుముందు 900 సిరీస్ కార్డులకు మామూలు డ్రైవర్ అప్‌డేట్లు 2025 అక్టోబరుతో ఆగిపోయాయి. ఇకపై అప్పుడప్పుడు భద్రతకు సంబంధించినవి మాత్రమే, అవీ 2028 వరకే. ఏఐ పనికి వాడే కూడా టూల్‌కిట్ 13వ వెర్షన్ నుంచి ఈ కార్డులను వదిలేసింది. కాబట్టి 1050 టీఐ, 1060 ఎంత చవగ్గా వచ్చినా, ఏఐ నేర్చుకోవడానికైతే తీసుకోవద్దని నా సలహా. కనీసం జీటీఎక్స్ 1650, కుదిరితే ఆర్‌టీఎక్స్ అని ఉన్నదే చూడండి. 16 సిరీస్‌లో లేని టెన్సర్ కోర్లు ఆర్‌టీఎక్స్‌లో ఉంటాయి.

మెమరీ ఎంత కావాలో కూడా గుణకారమే. 700 కోట్ల పారామీటర్లున్న భాషా మోడల్‌ని 16 బిట్లలో ఉంచితే ఒక్కో పారామీటర్‌కి 2 బైట్లు, అంటే 14 జీబీ. నాలుగు బిట్లకు కుదిస్తే 3.5 జీబీ, పైన ఇంకొంచెం. 6 జీబీ కార్డులో దాన్ని నడిపి చూడొచ్చు. 4 జీబీలో ఇరుకు. అంత మోడల్‌ని మొదటి నుంచి ట్రైన్ చేయడం మాత్రం ఇంట్లో కుదిరే పని కాదు, దానికోసం ఆశపడి కార్డు కొనొద్దు.

అయితే కొనొద్దంటావా అన్నా?

అలా అనడం లేదు. ఇంటర్నెట్ సరిగా అందని ఊళ్లో ఉండేవాడికి కొలాబ్ ఉచితమైనా ఏం లాభం? రాత్రంతా నడిచే పనికి మధ్యలో తెగిపోని కార్డు ఇంట్లో ఉండటం వరమే. త్రీడీ, వీడియో, గేమ్ డెవలప్‌మెంట్ వైపు నిజంగా వెళ్లేవాళ్లు కొనాల్సిందే. ఏఐలో ఉచిత గంటలు వారం వారం అయిపోయేంతగా పని చేస్తున్నవాళ్లు కూడా కొనొచ్చు. నా గీటురాయి ఇదే: ఉచితంగా దొరికేది మీకు చాలక ఆగిపోతున్న రోజున కొనండి. మొదలుపెట్టడానికి కొనొద్దు. కార్డు వస్తే చదువు దానంతటదే మొదలవుతుందనుకోవడం కొత్త నోటుబుక్కు కొంటే మార్కులొస్తాయనుకోవడం లాంటిదే.

ఈఎంఐలో గేమింగ్ లాప్‌టాప్ కన్నా పాత డెస్క్‌టాప్‌ను బాగుచేసుకోవడమే నాకిష్టం. కారణం ధర ఒక్కటే కాదు. హాస్టల్లో ఉండేవాళ్లకు లాప్‌టాప్ తప్పదు, ఒప్పుకుంటాను. కానీ డెస్క్‌టాప్ మూత తియ్యొచ్చు. ఒక్కో భాగం విడిగా మార్చొచ్చు. ఒకటి పాడైతే అదొక్కటే పోతుంది. పైగా ఉద్యోగం రాకముందే మొదలయ్యే నెలవారీ వాయిదా మన నెత్తిన ఉండదు. వాయిదా కోసం వచ్చిన మొదటి ఉద్యోగంలో ఎలా ఉన్నా సరే చేరిపోయినవాళ్లను నేను చూశాను.

పెద్ద మెషీన్లు లేకపోతే పెద్ద పని జరగదన్న దిగులు కూడా వద్దు. ఇవాళ్టి ఏఐ హడావుడికి మలుపుగా చెప్పే అలెక్స్‌నెట్‌ని 2012లో టొరంటో యూనివర్సిటీలో చదువుతున్న అలెక్స్ క్రిజెవ్‌స్కీ ట్రైన్ చేసింది రెండు జీటీఎక్స్ 580 కార్డుల మీద. ఒక్కోదానికి 3 జీబీ మెమరీ. షాపులో ఎవరైనా కొనుక్కోగల గేమింగ్ కార్డులవి. మోడల్ ఒక కార్డులో పట్టకపోతే రెండు ముక్కలు చేసి చెరో కార్డులో పెట్టారు. ఐదారు రోజులు నడిచింది. చిన్న మెమరీలో పెద్ద పనిని ఎలా ఇరికించాలన్న ఆలోచనే అక్కడ చదువు.

ఆ చదువుకి రేపు మన దగ్గరే గిరాకీ రావచ్చు. విశాఖలో 1500 కోట్ల డాలర్లతో ఏఐ డేటా సెంటర్ హబ్ పెడతామని గూగుల్ 2025 అక్టోబరులో ప్రకటించింది. అందులో మనకెన్ని ఉద్యోగాలొస్తాయో నేను జోస్యం చెప్పను. కానీ డేటా సెంటర్ అంటే ఏంటి? వేల గ్రాఫిక్స్ ప్రాసెసర్లు, వాటికి కరెంటు, వాటి వేడి తీసే ఏర్పాటు, వాటిని కలిపే తీగలు. మీరు మీ క్యాబినెట్‌లో వేసుకునే లెక్కలే అక్కడ మెగావాట్లలో వేస్తారు. ట్రిపుల్ఈ, మెకానికల్, ఈసీఈ వాళ్లారా, గ్రాఫిక్స్ కార్డు సీఎస్ఈ వాళ్ల సొత్తనుకోకండి.

ఇంటర్వ్యూలో అడిగింది అదే

నా మొదటి ఉద్యోగం ఇంటర్వ్యూలో నన్ను అడిగింది కార్డు పేరు కాదు. "మీ మోడల్ మెమరీలో పట్టకపోతే ఏం చేశారు?" అని. బ్యాచ్ సైజు తగ్గించాను, ఫొటోలు చిన్నవి చేశాను, దానివల్ల ఎంత తేడా వచ్చిందో చెప్పాను. తర్వాత ఎందుకో ఎస్‌ఎంపీఎస్ కథ కూడా చెప్పేశాను. 168, 174 అన్న అంకెలతో సహా. ఎదురుగా ఉన్నాయన నవ్వి, "ఇప్పుడైతే ముందు ఏం చూస్తారు?" అన్నారు. "స్టిక్కర్ సార్" అన్నాను. ఉద్యోగం ఆ మాటకే వచ్చిందని చెప్పను. కానీ ఆ అరగంటలో నేను గడగడలాడకుండా మాట్లాడింది ఆ ఐదు నిమిషాలే. చేతులు కాల్చుకుని నేర్చుకున్నది అలా గుర్తుంటుంది. మీరు చేతులు కాల్చుకోకుండానే అదే పని చెయ్యొచ్చు. ముందు ఎంత వేగం ఉంది, ఎక్కడ అడ్డు పడింది, ఏం మార్చారు, తర్వాత ఎంతైంది, ఎంత ఖర్చైంది.. ఇది ఒక పేజీలో రాసుకోండి. అదే మీ రెజ్యూమెలో ఒక ప్రాజెక్టు.

2020 లాక్‌డౌన్‌లో ఇంటినుంచి పని. మా ఊరికి వచ్చాను. జీతం డబ్బుతో మంచి ఎస్‌ఎంపీఎస్, సెకండ్‌హ్యాండ్ మదర్‌బోర్డు తెప్పించి, అట్టపెట్టెలోంచి ఆ 1060 తీసి పెట్టాను. వెలిగింది! ఫ్యాన్లు తిరుగుతుంటే నాన్న పక్కనే కూర్చున్నాడు. అప్పుడు చెప్పాను, రెండేళ్ల కిందటే కాలిపోయిందని, తుపానుకు ముందే అని.

ఆయన కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "సెట్లు పడిపోయిన్నాడే సెప్పీసుంటే, రెండేడుపులూ ఒకేపాలి ఏడ్సేద్దుము కదరా" అన్నాడు.

కాబట్టి మీరు ఈ ఆదివారం చెయ్యాల్సింది ఇది. ప్లగ్గు పీకేసి, క్యాబినెట్ మూత తీసి, దుమ్ము దులిపి, స్టిక్కర్ ఫొటో తియ్యండి. టాస్క్ మేనేజర్‌లో అడ్డు ఎక్కడుందో చూడండి. నాలుగు లెక్కలూ ఒక కాగితం మీద వేసి, డబ్బు అడిగేముందు ఆ కాగితం నాన్నకో, అమ్మకో చూపించండి. వాట్లు వాళ్లకు అర్థం కాకపోవచ్చు. పిల్లాడు లెక్క వేసుకునే అడుగుతున్నాడని మాత్రం అర్థమవుతుంది.